నినెత్త కొండెక్కిన రోజు

అనగనగా మన సముద్రాలన్నీ దాటితే ఇటలీ అనే దేశంలో, ఒక కొండ నెత్తిన రాతి కోట, కోట లోపల ఒక ఊరు. ఊరి చివర జమీందారు గారి తోట. ఎంత తోటనుకున్నావు! ముగ్గు పెట్టినట్టు కత్తిరించిన పొదలు, రాతి సింహాల నోళ్ళలోంచి దూకే నీళ్ళు, బారులు తీరిన నిమ్మ కుండీలు.

కొండ కింద పల్లెలో నినెత్త అని ఒకావిడ ఉండేది. ఆవిడ అక్క జెమ్మ. ఆ తోటలో నీళ్ళు చూసుకునే అతన్ని పెళ్ళాడి, జెమ్మ కొండ మీదికి కాపురానికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నినెత్తకి మనసులో ఒక ముల్లు. ‘అక్క పెద్దింటి గాలి పీలుస్తోంది, నేను మట్టి పిసుకుతున్నాను’ అని.

ఒక ఏడాది నిమ్మచెట్లు పూసినప్పుడు, గాడిద మీద నూనె అమ్మే బార్తొలో తాత కబురు తెచ్చాడు. “మీ అక్క రమ్మంటోందమ్మా, తోట చూద్దువుగాని.”

“పట్టుపురుగులు మేత మీదున్నాయి, ఎలా వచ్చేది?” అంది నినెత్త.

ఆ తర్వాత ద్రాక్ష కోతలప్పుడు మళ్ళీ కబురు. “కోతలయ్యాక చూద్దాంలే” అంది. కోతలయ్యాయి. వెళ్ళలేదు.

అప్పుడు మూడోసారి తాత వచ్చి, “తొందరగా రమ్మంది తల్లీ” అన్నాడు.

నినెత్తకి ఒళ్ళు మండింది. “ఆవిడ దిగి రాకూడదా? కొండెక్కేసరికి కళ్ళు నెత్తికెక్కాయి!” అంది.

ఆ తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు తాత నూనె పోసి, కబురేమీ చెప్పకుండా వెళ్ళిపోబోయాడు. నినెత్తే ఆపింది. “అక్క ఏమీ చెప్పలేదా?”

“ఇక తొందరేం లేదులే అందమ్మా.”

‘అక్కకి ఏమైనా అయిందేమో’ అనుకుంది నినెత్త. తెల్లారగానే కొండెక్కింది. రొప్పుకుంటూ, సందు సందునా దారి అడుగుతూ అక్క ఇల్లు చేరింది. జెమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. తలెత్తి, “ఎవరూ?” అంది.

“నన్నే ఎవరంటావా? అంత కోపమా అక్కా!”

అప్పుడు జెమ్మ గిన్నె పక్కన పెట్టి, చేతులు చాచి గాలిలో తడిమింది. నినెత్తకి అర్థమైంది. అక్కకి చూపు పోయింది.

జెమ్మే చెల్లెలి చెయ్యి పట్టుకుని తోటంతా తిప్పింది. “ఇదిగో మెట్టు, ఇటు సింహం, అటు నిమ్మలు” అంటూ. నినెత్త అన్నీ చూసింది. ఒక్కటీ కంటికి ఆనలేదు.

“తోట చూపించి గొప్పలు పోతావనుకున్నానే.”

“తోటదేముందే! చూపు పూర్తిగా పోయేలోపు నీ మొహం చూసుకుందామనుకున్నాను.”

“ఆ ముక్క చెప్పి పంపకపోయావా అక్కా!”

“చెబితే జాలిపడి వస్తావు. నా మీద ప్రేమతో వస్తావేమోనని చూశాను. నాదీ తప్పేలే.”

అప్పుడు జెమ్మ వేళ్ళతో చెల్లెలి నుదురు, ముక్కు, గడ్డం తడిమింది. “అమ్మ పోలికే దిగింది నీకు” అంది. వేళ్ళు తడిశాయి. ఆ తడి ఏమిటో ఆవిడకి తెలుసు. అయినా, “ఇక్కడ నీళ్ళు చిందుతున్నాయి, ఇటు జరుగు” అంది. నినెత్త జరిగింది.

ఆ తర్వాత ఏటా పూతల వేళకి నినెత్త కొండెక్కేది. అక్క గుమ్మంలోనే ఎదురుచూసేది. కానీ బంగారూ, చెల్లెలి మొహం మాత్రం మళ్ళీ చూడనే లేదు.

కథ నడిచె కంచికి,
మనం చేరాం ఇంటికి,
నిద్ర రావాలి మా చిట్టి కంటికి.