ముప్పైతొమ్మిది నాటి రూపాయి

ఏలూరులో తివాచీల దుకాణం నడిపే పూర్ణానందానికి పాత నాణేలంటే ప్రాణం, కానీ ఎవరినైనా ఒక మాట అడగాలంటే మాత్రం ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

దొరల కాలపు నాణెం ఏది కనబడినా వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసేవాడు. చాలాసార్లు ఆ మాట నిజమే అయ్యేది. "నా కన్ను పడ్డాక ఇక తిరుగులేదు" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

ఒక మధ్యాహ్నం దుకాణానికి కొత్త మనిషి ఒకడు వచ్చాడు. రుమాలు విప్పి, ఆరో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయి చూపించాడు. దాని మీద 1939 అని ఉంది. పూర్ణానందం చటుక్కున దాన్ని అందుకున్నాడు. ముందు ఏడాది రూపాయి వెతికితే దొరుకుతుంది. ఈ ఏడాదిది మాత్రం కంటితో చూసినవాళ్లే తక్కువ.

"డబ్బు వద్దండీ. మీ దగ్గరున్న కంపెనీవారి రాగి నాణేల పెట్టె ఇప్పించండి చాలు. త్వరగా తేల్చండి, రైలుకి వేళవుతోంది" అన్నాడు ఆ మనిషి.

మగ్గం దగ్గర ముడులు వేస్తున్న మస్తాన్ వలీ తలెత్తాడు. అతను ముప్పై ఏళ్లుగా అక్కడే తివాచీలు నేస్తున్నాడు. ఉన్నిపోగులో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసేవాడు.

"అయ్యగారూ, ఒక్కసారి భూతద్దంలో చూద్దామా?" అన్నాడు.

"నీ ముడులు నువ్వు వేసుకో వలీ! నాణేల సంగతి నాకు నేర్పుతావా?" అని కసిరాడు పూర్ణానందం. ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి పోగుచేసిన పెట్టెను ఆ మనిషి చేతిలో పెట్టేశాడు.

వారం తిరగకుండానే కబురు తణుకు దాకా పాకింది. అక్కడ సుభద్రమ్మ అనే రిటైరైన టీచరు ఆరో జార్జి రూపాయలు వరసగా కూర్చుకుంటూ ఉండేది. ఆ వరసలో ఆ ఒక్క ఏడాదే ఖాళీ. ఆదివారం వస్తానని ఆవిడ ఫోన్ చేసింది. పూర్ణానందం గొప్ప ధర చెప్పాడు. ఆవిడ సరేనంది.

ఆదివారం పొద్దున రూపాయిని పొట్లం కట్టబోతూ, ఆయన సరదాకి భూతద్దం పెట్టి చూశాడు. తొమ్మిది అంకె పక్కన ఏదో గీత. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ఎంతసేపు చూసినా తేలలేదు. చివరికి జీవితంలో మొదటిసారి ఒకరిని అడగడానికి మగ్గం దగ్గరికి నడిచాడు.

"వలీ, ఇది కాస్త చూసి చెప్పవూ?"

మస్తాన్ వలీ వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇది తొమ్మిది కాదయ్యగారూ. ఎనిమిది. కింది సున్నాకి ఎడమపక్క గీకేశారు" అన్నాడు మెల్లగా.

అంతలోనే గుమ్మంలో సుభద్రమ్మ కనబడింది. "గాజుల జత అమ్మి తెచ్చానండీ. మీరు చూశారంటే నేను మళ్లీ చూడక్కర్లేదు" అంది నవ్వుతూ.

ఒక్క మాట నొక్కేస్తే నష్టం తీరిపోతుంది, పేరూ నిలుస్తుంది. వలీ నోరు విప్పడు. పూర్ణానందం రూపాయి వైపు చూశాడు, ఆవిడ బోసి చేతుల వైపు చూశాడు.

"అమ్మా, ఇది దొంగ రూపాయి. నేను మోసపోయాను. వలీ భూతద్దంలో చూద్దామన్నా వినలేదు. నాకు తెలియనిది ఇతను చూపించాడు" అన్నాడు.

సుభద్రమ్మ డబ్బు సంచి మూతి బిగించింది. "నా వరస ఇంకొన్నాళ్లు ఖాళీగా ఉంటే ఏం పోయిందండీ? అసలుది దొరికినప్పుడు మీరిద్దరూ చూసి చెప్పండి. ఇంకెవరి దగ్గరా కొనను" అంది.

రాగి నాణేల పెట్టె మళ్లీ దొరకలేదు. కానీ అప్పటినుంచి ఏ నాణెం వచ్చినా పూర్ణానందం "వలీ, ఇలా రా!" అని కేకేసి, తన పక్కనే కుర్చీ వేయించి చూపించేవాడు. ఆయన మాటకు విలువ తగ్గలేదు సరికదా, రెట్టింపైంది.

తెలియదని ఒప్పుకోవడం చిన్నతనం కాదు. తెలిసీ దాచడమే చిన్నతనం.