సన్యాసమ్మ అల్లిన కుర్చీ

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక సర్కారు కచేరీ, ఆ కచేరీ నిండా పేము కుర్చీలు. ఊఁ కొడుతూ ఉండు, మధ్యలో నిద్రపోయావంటే నేను చెప్పను.

ఆ కుర్చీలన్నీ అల్లింది సన్యాసమ్మ. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు, రెప్పలు రెండూ అతుక్కుపోయి ఉండేవి. చూపు లేనివాళ్ళకి ఒక బతుకుతెరువు ఉండాలని, కచేరీలో కుర్చీల పని వాళ్ళకే ఇవ్వాలని ఎప్పుడో ఒక మంచి మనిషి రాసిపెట్టాడు. ఏటా వేసవిలో సన్యాసమ్మ వచ్చేది, వరండాలో చతికిలపడేది, పేము నానబెట్టుకునేది, వేళ్ళతోనే గళ్ళు చూసుకుంటూ బిగించి అల్లేది. ఆ అల్లిక మీద ఏనుగు కూర్చున్నా జారేది కాదు. ఆ పనితోనే తినేది, ఆ పనితోనే నలుగురిలో తలెత్తుకు తిరిగేది.

అలా ఉండగా కచేరీకి ఒక కొత్త మిషను వచ్చింది. మహా తెలివిగల మిషనట, మనిషిని చూసి పోల్చుకుంటుందట. ఇకమీదట కుర్చీల పని కావాలన్నవాళ్ళు ఫోనులో దాని దగ్గరే పేరు రాయించుకోవాలన్నారు.

అప్పుడు సన్యాసమ్మ ఫోను తీసింది. ఆ ఫోను అక్షరాలన్నీ పైకి చదివి వినిపిస్తుంది, ఆమెకి అది అలవాటే. మిషను తొమ్మిది బొమ్మలు పెట్టి, బస్సులున్నవి నొక్కమంది. ఫోను "బొమ్మ, బొమ్మ, బొమ్మ" అని ఊరుకుంది. పక్కింటి అప్పలకొండ వచ్చి నొక్కిపెడితే ఆ గండం గడిచింది.

ఆ తర్వాత మిషను, మొహం చూపించి రెండుసార్లు రెప్పలు ఆర్పమంది. ఇది అప్పలకొండ చేసిపెట్టేది కాదు కదా. సన్యాసమ్మ మొహమంతా బిగబట్టింది. అతుక్కున్న రెప్పలు ఎక్కడ కదులుతాయి? "కెమెరా ముందు ప్రాణమున్న మనిషి ఎవరూ లేరు" అంది మిషను.

ఆ తర్వాత, కష్టాలు చెప్పుకోవడానికని పెట్టిన మాట్లాడే మిషనుకి చెప్పుకుంది. తేనె పూసినట్టు మాట్లాడిందది. "మీ బాధ నాకు అర్థమైందండీ. దయచేసి కెమెరాలోకి చూసి రెప్పలు ఆర్పండి" అంది. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు సన్యాసమ్మ కర్ర పట్టుకుని కచేరీకే వెళ్ళింది. ఆఫీసరు గదిలోకి వెళ్ళి, ఆయన కుర్చీ అంచు తడిమింది.

"బాబూ, ఈ కుర్సీ నానే అల్లినాను. నాను నేకపోతే మీరు కూకున్నది దేని మీద?"

"నువ్వున్నావని నాకు తెలుసమ్మా. మిషనుకి తెలియాలి కదా" అన్నాడాయన, కుర్చీలో ఇంకాస్త సర్దుకుని.

మిషను ఆ పని ముగ్గురికి ఇచ్చింది. చూపు లేదని ముగ్గురూ దొంగ కాగితాలు పెట్టారు, ముగ్గురూ ఎంచక్కా రెప్పలార్పారు. నిక్షేపంలాంటి కళ్ళు వాళ్ళవి. ఆఫీసరు కుర్చీతో సహా అన్నీ విప్పి, వదులు వదులుగా అల్లిపారేసి పోయారు.

పది రోజులు తిరక్కుండానే అల్లిక తెగి, ఆఫీసరు కుర్చీలోకి నడుం దాకా దిగబడిపోయాడు. నవ్వకు, నవ్వడానికి ఏమీ లేదు. లేచి దులుపుకుని, "గుడ్డివాళ్ళకి పని అప్పజెబితే ఇంతే" అన్నాడు. ఆ మాటే ఫైలులో రాయించాడు. ఆ మంచి మనిషి రాసిపెట్టింది కొట్టేసి, ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు.

ఆ మాట సన్యాసమ్మ చెవిన పడింది. పని పోయినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. మళ్ళీ కచేరీకి వెళ్ళి, పెరట్లో పారేసిన కుర్చీని వెతుక్కుని, తెగిన అల్లికంతా వేళ్ళతో తడిమి చూసింది.

"ఇది నా సేతి పని కాదు బాబూ. ఆ ఒక్క మాటా రాసుకోండి" అంది గుమస్తాతో.

"మిషనులో దానికి గడి లేదమ్మా" అన్నాడు గుమస్తా.

ఆ తర్వాత ఏమైందంటావా? ఏమీ కాలేదు తల్లీ. ఆ ఫైలులో ఆఫీసరు మాట ఇప్పటికీ అలాగే ఉంది.

కంచికి వెళ్ళిన కథనేమో రెప్పలార్పమన్నారు,
ఆర్పలేదని గుమ్మంలోనే వెనక్కి పొమ్మన్నారు.
కథ కంచికి చేరలేక మన ఇంటికే నడిచింది,
జరిగి కాస్త చోటియ్యవే, నడిచి నడిచి అలిసింది.