కంబళి కొస

ఇల్యాస్‌కు ఎక్కడా కాలు నిలిచేది కాదు. మూడేళ్లలో ముగ్గురు గురువులను మార్చాడు. నాలుగో ఆయన లుత్ఫీ బాబా అనే దర్వేషు, అంటే సూఫీ ఫకీరు; ఉత్తర సముద్రంలో ఒక రాతి దీవి మీద గుడిసె వేసుకుని ఉండేవాడు.

శీతకాలమంతా ఇల్యాస్ ఆయన దగ్గర ఎలాగో గడిపాడు. మంచు కరగగానే ఆ నిలకడలేనితనం మళ్లీ మొదలైంది. జపమాల పట్టుకుని కూర్చుంటే మోకాళ్లు లాగేవి. లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు.

వసంతం వచ్చిన వారానికి వలస పక్షులు దిగాయి. వేలకు వేలు. దీవంతా ఒకటే గోల. ఆ గోల వింటుంటే లోపలినుంచి ఎవరో తరుముతున్నట్టే ఉండేది ఇల్యాస్‌కు.

ఒక మధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి సరుకుల పడవ వచ్చింది. ఇల్యాస్ గురువు దగ్గరికి పరుగెత్తాడు.

“బాబా, నేను వెళ్లిపోతాను. ఇక్కడ నాకు మనసు కుదరడం లేదు.”

“ఇంతకుముందు ఎక్కడైనా కుదిరిందా?”

ఇల్యాస్‌కు ఉక్రోషం వచ్చింది. “ఈ పిట్టలు మాత్రం ఒకచోట ఉంటున్నాయా? వాటినెవరూ తప్పుపట్టరే!”

బాబా వాదించలేదు. “పద, పడవ దాకా వస్తాను” అని కంబళి కప్పుకుని బయల్దేరాడు.

ఒడ్డున, వాళ్ల కళ్లముందే, సముద్రం దాటి ఎగిరొచ్చిన పావురమంత తెల్లపిట్ట ఒకటి ఇసుకలో కూలబడింది. రెక్కలు ముడుచుకునే ఓపిక కూడా లేదు. ఈదురుగాలి దాన్ని నీళ్లవైపు దొర్లిస్తోంది. బాబా గబగబా కంబళి తీసి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఇల్యాస్ చేతికిచ్చాడు. ఇద్దరూ గాలికి అడ్డంగా తెర కట్టినట్టు నిలబడ్డారు.

“వస్తున్నావా, లేదా?” పడవవాడు కేకేశాడు. “గాలి ముదురుతోంది, ఇక ఆగను!”

ఇల్యాస్ బాబా వంక చూశాడు. బాబా పిట్టను చూస్తున్నాడు. కొస వదిలితే చాలు, నాలుగు అంగల్లో పడవ. పిట్ట మెడ వాల్చేసి, ముక్కు తెరిచి రొప్పుతోంది.

“నువ్వు పో!” అని పడవవాడికేసి అరిచాడు ఇల్యాస్. అరిచాక తనే ఉలిక్కిపడ్డాడు.

పొద్దు వాలేదాకా అలాగే నిలబడ్డారు. భుజాలు పీకేశాయి. చివరికి పిట్ట కదిలింది. తడబడుతూ లేచి, అడ్డమొచ్చిన రాళ్లన్నీ దాటుకుంటూ పోయి, ఒక బండ నెర్రె ముందు ఆగింది. అందులో ఉన్న తన నిరుటి గూటి ఎండుగడ్డిని ముక్కుతో అటూ ఇటూ సర్ది, లోపల కూర్చుంది.

బాబా కంబళికి అంటిన ఇసుక దులిపాడు.

“పోయేవాళ్లను నేనెప్పుడూ ఆపను నాయనా. రేపు కూడా పడవ వస్తుంది. తిరిగి ఎక్కడికి వస్తావో మాత్రం చెప్పి వెళ్లు.”

ఇల్యాస్ ఆ నెర్రెకు ఎదురుగా, చల్లటి ఇసుకలో మెల్లగా కూర్చున్నాడు.