గవరమ్మ అడిగిన కడియం

వాగుకు ఇటు కుందేలు గవరమ్మ దోసపాదులు, అటు తాబేలు పైడమ్మ దోసపాదులు. అడవి మొత్తానికి కొట్టు ఒక్కటే, అది నక్కది. కొట్లో ముందుబల్ల మీద పెట్టిన కాయే అమ్ముడుపోతుంది. ఏడాదిగా ఆ బల్ల మీద పైడమ్మ కాయలే, ఒక్కోటి బిందెంత. గవరమ్మకు తిండికేం లోటు లేదు. అయినా ఆ బల్ల చూసినప్పుడల్లా కళ్లలో నిప్పులు పోసుకునేది.

ఓ పొద్దున నక్క దగ్గరికి వెళ్లింది.

“బావగారూ, అంతలేసి కాయలకు రుచెక్కడిదండీ? గుమ్మానికో కడియం కట్టండి. అందులో దూరిన కాయే కొంటాననండి.”

“పైడమ్మవి దూరవేమో?”

“దూరకపోతే ఆవిడ ఖర్మ!”

మర్నాడే ఇత్తడి కడియం వేలాడింది. పైడమ్మ వీపు మీద గంపతో వచ్చి, గంపతోనే వెనక్కి వెళ్లింది. ఆ పూట గవరమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింది.

వారం తిరిగిందో లేదో, నక్క ఇంకా చిన్న కడియం కట్టాడు.

“ఇకనుంచి ఇందులో దూరాలి. ధరా సగమే. కష్టమైతే చెప్పు, పైడమ్మకే కబురంపుతాను.”

ఆ పేరు వినగానే గవరమ్మకు ఒళ్లు మండింది. “ఆవిడకెందుకండీ! నేనిస్తాను.”

చిన్న కాయలంటే రోజుకు మూడు కోతలు. కోసేవి కూలి చీమలు.

“అమ్మా, పని మూడింతలైంది. కూలి సగం చేశావు. ఇదేం న్యాయం?” అంది పెద్దచీమ.

“నాకొచ్చేదే సగం! ఇష్టమైతే చెయ్యండి, లేకపోతే పొండి.”

చీమలు బారు కట్టి, దుంగ మీదుగా వాగు దాటి పైడమ్మ దగ్గరికి పోయాయి. రెండ్రోజులు కోసే దిక్కు లేక గవరమ్మ కాయలు పెద్దవైపోయాయి. తానే కోసుకుని కొట్టుకు మోసుకెళ్లింది. ఒక్కటీ కడియంలో దూరలేదు.

“బావగారూ, అవే కాయలండీ! కాస్త ఎదిగాయంతే!”

“నేనేం చెయ్యను గవరమ్మా? కడియం నువ్వు అడిగిందేగా!”

గంప మోసుకుంటూ వాగు రేవుకు వచ్చింది. అక్కడ పైడమ్మ చిన్నా పెద్దా కాయలన్నీ గుట్ట పోసి, నీళ్లకు వచ్చే జంతువులకు అమ్ముతోంది. చీమలు తమ వాటా గింజలు ముందే తీసుకుని, పాడుకుంటూ కోతకు పోతున్నాయి.

“గంప దించు వదినా. ఇక్కడ కడియాల్లేవు. కాకపోతే ముందు చీమల కూలి మాట తేల్చు,” అంది పైడమ్మ.

గవరమ్మ తల ఊపి గంప దించింది. దించుతూనే, పైడమ్మ గుట్ట తన గంపకంటే ఎంత ఎత్తుందోనని ఓరకంట చూసింది.

పక్కవాడి కోసం చేయించిన కొలత ఎప్పుడో ఒకనాడు మన కాయకూ పెడతారు.