కనకాంబ మూడు అమెరికా నాణేలు

అనగనగా, ఓడలు గాలిని నమ్ముకుని తిరిగే రోజుల్లో, సముద్రపు ఒడ్డున పొన్నరేవు అనే ఊరుండేది. ఆ ఊళ్లో కనకాంబ అనే కంసాలి ఇల్లాలు ఉండేది. భర్త పోయాక అతని ఉలి, సుత్తి, కుంపటి ఆమే అందుకుంది. ముక్కుపుడక మీద మల్లెమొగ్గ చెక్కాలంటే కనకాంబే చెక్కాలి అనేవారు ఊళ్లో వాళ్లు.

కానీ ఆమెకు కంటి మీద కునుకు లేదు. సముద్రం ఏటేటా ఊరి మీదికి జరిగి వస్తోంది. నిరుటి వానల్లో పెరటి గోడ కొట్టుకుపోయింది. ఈ ఏడు ఇల్లే పోయేలా ఉంది. మెరక మీద ఇల్లు వేసుకుందామంటే చేతిలో చిల్లిగవ్వ లేదు. ఉన్నవల్లా మూడు పాత అమెరికా వెండి నాణేలు. ఎప్పుడో ఒక నావికుడు ఆమె మామగారికి కూలి కింద ఇచ్చినవి. ఒకవైపు ఆడమనిషి ముఖం, రెండోవైపు రెక్కలు చాచిన డేగ.

అలాంటి వేళ దండోరా వినిపించింది.

"రాజుగారు పాత అమెరికా వెండి నాణేలు సేకరిస్తున్నారహో! మేలైనవాటికి మేలైన ధర ఇస్తారహో!"

కనకాంబ ఆ పూటే ఒక నాణేన్ని చింతపండూ బూడిదా వేసి తళతళలాడేలా తోమింది. కోటకు పట్టుకెళ్లింది. నాణేలు పరీక్షించే పేరిశాస్త్రిగారు దాన్ని భూతద్దంలో చూసి తల పట్టుకున్నారు.

"అయ్యో, ఎంత పని చేశావమ్మా! ఏళ్ల తరబడి పట్టిన నలుపే దీనికి అందం. అంతా గీకేశావు. ఇక దీనికి వచ్చేది వెండి ఖరీదే."

మర్నాడు రెండోది తెచ్చింది. దాన్ని తోమలేదు. కానీ మామగారు ఎప్పుడో తాడుకు గుచ్చడానికి దానికి బెజ్జం వేశారు.

"దీనికీ అంతేనమ్మా," అన్నారు శాస్త్రిగారు. ఆమె ముఖం చూసి జాలిపడి, "ఇంకోటి ఉందన్నావుగా. డేగ కాళ్ల కింద నువ్వుగింజంత అక్షరం ఉందేమో చూడు. ఏ టంకశాలలో ముద్ర వేశారో చెప్పే గుర్తు అది. ఆ గుర్తున్నవి చాలా అరుదు. ఉంటే ఇల్లు కట్టుకునేంత ధర పలుకుతుంది," అన్నారు.

కనకాంబ ఇంటికి పరుగెత్తింది. నాణెం తిప్పి చూసింది. అక్షరం లేదు.

పొరుగింటి వర్తకుడు గురవయ్య గుమ్మంలోకి వచ్చాడు. అతని దగ్గరా అలాంటి నాణెం ఒకటుంది. కోటలో శాస్త్రిగారి మాటలు అతనూ విన్నాడు.

"లేకపోతేనేం కనకమ్మా? నీ చేతిలో ఉలి ఉందిగా. నీదానికీ నాదానికీ చెక్కెయ్."

"తప్పు కదా అన్నయ్యా?"

"తప్పో ఒప్పో సముద్రం ఆగి అడుగుతుందా? నువ్వు కాదంటే ఇంకో కంసాలి చెక్కుతాడు," అంటూ వెళ్లిపోయాడు.

కనకాంబ నాణేన్ని ఇనుప దాగలి మీద పెట్టింది. గోడవతల అల విరిగి ఇల్లంతా అదిరింది. ఉలి ఆనించింది. వెంట్రుకంత గీత పడింది. అంతే, చెయ్యి ముందుకు ఆడలేదు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఒక్క అబద్ధం చెక్కలేదు. ఉలి పక్కన పడేసింది. కానీ గీత ఉండిపోయింది.

మూడో రోజు సభలో కనకాంబ కంటే ముందు గురవయ్య నిలబడ్డాడు. శాస్త్రిగారు అతని నాణేన్ని రాజుగారికి చూపించారు.

"ప్రభూ, డేగ రెక్కలు అరిగాయి, కాళ్లు అరిగాయి. ఈ అక్షరం ఒక్కటే నిన్న పుట్టినట్టుంది."

భటులు అతణ్ణి బయటికి ఈడ్చుకుపోయారు.

కనకాంబ తన నాణెం వైపు చూసుకుంది. దాని మీదా కొత్త గీత ఉంది. తననూ దొంగ అంటారు. వెనక్కి తిరిగి పోదామా అనుకుంది. అయినా అడుగు ముందుకే వేసింది.

"మహాప్రభూ, దీనికి అక్షరం లేదు. ఆ గీత నాదే. ఆశపడి ఉలి ఆనించాను. తరవాత చెయ్యి రాలేదు."

రాజు నాణేన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"గీత పడింది కనుక సగం ధరే వస్తుంది," అన్నాడు రాజు. ఆమె తలవంచి ఆ సొమ్ము తీసుకుని వెనుదిరిగింది.

"ఆగమ్మా," అన్నాడు రాజు. "రేపటి నుంచీ దొంగ గుర్తులు వస్తూనే ఉంటాయి. ఉలి దెబ్బ పాతదో కొత్తదో ఉలి పట్టినవాళ్లకే బాగా తెలుస్తుంది. శాస్త్రిగారికి చూపు మసకబారుతోంది. ఆయన పక్కన కూర్చుని నాణేలు పరీక్షిస్తావా?"

కనకాంబ చేతులు జోడించింది.

వానలు రాకముందే ఆమె ఇల్లూ కుంపటీ కోట పక్క వీధిలోకి మారాయి.

లేని విలువను ఉన్నట్టు చూపబోతే ఉన్న విలువా పోతుంది. చేసిన తప్పును దాచకుండా చెప్పినవారి మాటకే విలువ పెరుగుతుంది.