బూజు పట్టిన పట్టా

మంచెరువలసలో గురువులు అనే ఆయన ఇంటికి ఒక పేరుంది. అది ఊరు పెట్టిన పేరు కాదు, వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్నారు. మాట నేల పడనివ్వని ఇల్లట. ఎవరేం చెబితే అది చెప్పినట్టు చెయ్యడంలో మా తరవాతే ఎవరైనా అని గురువులు అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకునేవాడు. ఊళ్ళో అందరికీ చెవులే ఉన్నాయి, మాకు చెవుల వెనక బుర్ర కూడా ఉంది అనేది ఆయన భార్య పారమ్మ. కొడుకు పైడిరాజుకి మాత్రం బుర్రకంటే గుండె పెద్దది. ఆ గుండె నిండా నీలవేణే.

నీలవేణి వైశాఖంలో కాపురానికొచ్చింది. శ్రావణంలో దగ్గు పట్టుకుంది. వాళ్ళ గదిలో పెరటివైపు గోడ వానలకి నానినాని, నిలువెత్తున నల్లటి బూజు పట్టింది. ఆ గదిలో కాలు పెడితే చాలు, పిల్లకి ఊపిరాడదు. పైడిరాజు ఆ దగ్గులో కూడా గజ్జెల చప్పుడు విన్నాడుగానీ, దగ్గేవాళ్ళకి కదా తెలిసేది. చివరికి ఒకనాడు నీలవేణి సంచీ సర్దుకుని, గుమ్మంలో నిలబడి చెప్పేసింది.

"గోడలకి పట్టిన బూజు చూసేందుకు చదువుకున్నవాళ్ళుంటారు. పట్టా ఉన్నవాణ్ణే పిలిపించండి. ఆ పట్టా బాగా చూడండి. ఆయన వచ్చేదాకా గోడ మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి. బాగుందని ఆయన నోటితో చెబితే వస్తాను. లేకపోతే నన్ను మర్చిపోండి."

అంతే. బస్సెక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది. బస్సు లేపిన దుమ్ము కూడా పైడిరాజుకి గులాబీరంగులో కనిపించింది. ఆమె మాటల్ని ఒక్కటి తప్పకుండా వల్లె వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

కబురు పెడితే పట్నం నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా గోడల్లో చెమ్మా బూజూ పరీక్ష చెయ్యడమే ఆయన పని. పట్టాకి అద్దం కట్టించి మరీ తెచ్చాడు. గురువులు దాన్ని వెనకా ముందూ తిప్పాడు. పారమ్మ వాసన చూసింది. తళతళ మెరిసిపోతోంది, మచ్చన్నది లేదు. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఇరవై ఏళ్ళు బూజులో తిరిగినవాడి పట్టాకి చుక్క బూజైనా అంటలేదంటే, ఈయన ఏ గోడ దగ్గరికీ పోలేదన్నమాట. మనల్నా మోసం చేసేది అనుకుని, చల్లగా మజ్జిగిచ్చి సాగనంపారు.

తరవాత సంతలో అర్జీలు రాసిపెట్టే కనకలింగం దొరికాడు. పట్టా ఉందా అని అడిగితే, ఎందుకు లేదు అని ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక కాగితం తీశాడు. ఎప్పుడో టైపు పరీక్ష పాసైన కాగితం అది. పచ్చగా, నల్లగా బూజు పట్టి అక్షరం ముక్క కనపడటం లేదు. ఇంకేముంది, పైడిరాజు కళ్ళకద్దుకున్నాడు. ఇంత అనుభవం ఉన్నాయన పక్క సంతలోనే ఉంటే పట్నం దాకా కబురు పెట్టామే అని పారమ్మ నొచ్చుకుంది. కనకలింగానికి బూజు సంగతి ఏమీ తెలియదుగానీ, భోజనం మా ఇంట్లోనే అన్నారు కాబట్టి సరేనన్నాడు.

అంత పెద్దమనిషి ఇంటికొస్తుంటే గోడ అంత అసహ్యంగా ఉంటే ఏం బాగుంటుంది? గోడమీద చెయ్యి వెయ్యొద్దంది కోడలు. అందుకని బారెడు వెదురుకర్రకి చీపురు కట్టి, చెయ్యి తగలకుండా దూరంనుంచి గోడంతా గీకేసి సున్నం కొట్టేశారు. కనకలింగం వచ్చాడు, గోడ చూశాడు. మల్లెపువ్వులా ఉంది.

"బూజు ఏది? లేనిదాన్ని నేనెలా చూసేది?" అన్నాడు. అని, గుమ్మడికాయ పులుసుతో తృప్తిగా తిని వెళ్ళిపోయాడు.

పైడిరాజు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పరీక్షకి బూజే లేకపోతే బాగుందని ఆయన నోటితో ఎలా చెబుతాడు? చెప్పకపోతే నీలవేణి ఎలా వస్తుంది? అంతే, ముగ్గురూ కలిసి బూజు పెంచడానికి నడుం కట్టారు. పొద్దున గంజి, మధ్యాహ్నం కుడితి, సాయంత్రం బెల్లంనీళ్ళు. పసిపిల్లకి పట్టినట్టు గోడకి పట్టారు. పైడిరాజు దగ్గర కూర్చుని బతిమాలేవాడు కూడా. రా తల్లీ, నువ్వొస్తేగానీ ఆమె రాదు. పదిహేనురోజుల్లో బూజు దూదిలా పొంగి, గోడ దాటి కప్పుదాకా ఎక్కింది.

కనకలింగం మళ్ళీ వచ్చాడు. గదిలోకి తల పెట్టి, ముక్కు మూసుకుని ఒక్క గంతులో బయటపడ్డాడు. ఏం చెయ్యాలో చెప్పమని పైడిరాజు కాళ్ళమీద పడ్డాడు. ఏదో ఒకటి చెప్పకపోతే విస్తరి వెయ్యరేమోనని కనకలింగానికి భయం.

"ఈ గోడ లోలోపల తడిసిపోయింది. ఎండలో ఆరబెట్టండి."

చెప్పడం ఆయన వంతు, చెయ్యడం వీళ్ళ వంతు. గునపం తీసుకుని గోడ మొత్తం ఊడదీశారు. పెరట్లో చాపలు పరిచి, ఇటుకల్ని వడియాల్లా వరసగా పేర్చారు. పారమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని తోలింది. గురువులు గంటకోసారి ఇటుకల్ని బోర్లించాడు. దారినపోయే ఒకాయన ఏమిటిదంతా అని అడిగితే, గోడ ఆరుతోంది, ముట్టుకోకండి అని పారమ్మ కసిరింది. ఎనిమిదిరోజులు ఫెళఫెళా కాసింది. ఇటుకలు గలగలమన్నాయి. కప్పుకి అంటుకున్న బూజు కూడా గాలికీ ఎండకీ పొడిలా రాలిపోతే పారమ్మ చిమ్మి పారబోసింది. కనకలింగం ప్రతి ఇటుకనీ ఎత్తి చూసి, బాగుందన్నాడు.

ఆ నోటిమాట నీలవేణికి వినిపించాలి కదా. పైడిరాజు ఆ నోటితోపాటు మనిషినికూడా బస్సెక్కించి అత్తారింటికి తీసుకెళ్ళాడు. కనకలింగం నీలవేణి ముందు నిలబడి, అంత శుభ్రమైన గోడని నా జన్మలో చూడలేదమ్మా అన్నాడు. అది అబద్ధం కాదు. నీలవేణి మొగుడి మొహం చూసింది. బాగా చిక్కిపోయాడు. సంచీ తీసుకుని బయల్దేరింది.

గదిలోకి వచ్చి చూస్తే గోడ లేదు. పెరడూ, అరటిచెట్లూ, ఆకాశం మంచం దాకా వచ్చేశాయి. పైడిరాజు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నీలవేణి తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచిన నోట్లోకి గాలి నిండుగా పోయింది. దగ్గు రాలేదు. మళ్ళీ పీల్చింది. రాలేదు. ఎన్నాళ్ళయిందో అలా ఊపిరి పీల్చుకుని. గోడ సంగతి లేచాక మాట్లాడతానంది. పైడిరాజు గది బయటికి రాగానే అలవాటుకొద్దీ తలుపు గడియ పెట్టుకుని, మంచం మీద ఒరిగి నిద్రపోయింది.

పైడిరాజు పరుగున పోయి సంపెంగలు తెచ్చాడు. తలుపు గడియ వేసి ఉంది. పిలిచాడు, పలకలేదు. ఆమె లోపలా, తను బయటా. ఇన్నాళ్ళూ ఊళ్ళు అడ్డం, ఇప్పుడు గడియ అడ్డం. కళ్ళనీళ్ళు తిరిగాయి. గురువులు వచ్చి తలుపు తోశాడు. పారమ్మ పెరట్లోకి పోయి చూసొచ్చి, ఆ పక్కనుంచి పిల్ల స్పష్టంగా కనిపిస్తోందిరా అంది.

"కనిపిస్తే ఏం లాభం, అమ్మా? అటు తలుపు లేదుగా. తలుపు లేనిచోటనుంచి ఎలా వెళ్ళేది?"

నిజమే అనుకున్నారు. ముగ్గురూ కలిసి గునపంతో తలుపుని ద్వారబంధంతో సహా, గడియ ఊడకుండా జాగ్రత్తగా పెకలించారు. ఆ ఖాళీ గుమ్మం ముందునుంచే దాన్ని మోసుకుంటూ ఇల్లంతా చుట్టి, పెరటివైపుకి తెచ్చి నిలబెట్టారు. అటు గురువులు, ఇటు పారమ్మ పడిపోకుండా పట్టుకున్నారు. పైడిరాజు జుట్టు సర్దుకుని, పూలు వెనక దాచి, మెల్లగా తలుపు తట్టాడు.

"నీలా, లోపలికి రావచ్చా?"

తలుపు అవతలనుంచి దగ్గు వినపడలేదు. నవ్వు వినపడింది, మంచం కిర్రుకిర్రుమనేంత నవ్వు. నవ్విందిగానీ గడియ తియ్యలేదు కదా అని, పైడిరాజు బుద్ధిగా నిలబడి మళ్ళీ తట్టాడు.