మూడో పిడికిలి

అనగా అనగా ఎర్రేటి ఒడ్డున వీరకేతనుడని ఒక రాజుగారు. ఆయనకి ఒకే కాన్పులో ముగ్గురు కొడుకులు పుట్టారు. ముగ్గురికీ కుడిచేతి పిడికిలి మూసుకునే ఉంది. మణికట్టు దగ్గర సన్నటి తోలుపొర ఒకటి దాన్ని కట్టేసినట్టు పట్టుకుని ఉంది.

మంత్రసాని చూసి, "బెంగపడకండి మహారాజా! ఆపద వచ్చినరోజు ఆ పొర కోస్తే చెయ్యి విచ్చుకుంటుంది. కానీ ఒక్కసారే! ఏడు లెక్కపెట్టేలోగా శత్రువుని పట్టుకోవాలి. పట్టిందా, ఇక వదలదు. పట్టలేదా, ఆ చెయ్యి ఇక ఎందుకూ పనికిరాదు" అంది.

"పట్టుకుంటే చాలా? చంపక్కర్లేదా?" అన్నాడు రాజు.

"చంపడం మింగన్న పని."

మింగన్న ఎవరనుకున్నారు? ఏటిగట్టున తిరిగే బానపొట్ట రాక్షసుడు. మంచివాడే, పాపం కళ్ళే లేవు. ఆ చెయ్యి ఎవరి మీద అతుక్కుని ఉంటే వాళ్ళని తడిమి చూసి గుటుక్కున మింగేస్తాడు. రాజైనా సరే, మీరైనా సరే!

ఇలాంటి చేతులు ఆ రాజ్యంలో తాతలనాడూ ఉండేవి. అందుకే అక్కడ బిడ్డ పుట్టగానే భుజం మీద పచ్చబొట్టు పొడిచేవారు. పచ్చబొట్టున్న ఒంటి మీద ఆ చెయ్యి నిలవదు, జారిపోతుంది.

ఒకరోజు రాజ్యం చుట్టూ ఉన్న కంచెలో ముల్లంత సందు పడింది. చాలదూ! చీముకన్ను మాంత్రికుడు అందులోంచి దూరాడు. వాడు ముట్టుకున్న గాదె కుళ్ళింది. వాడు తాగిన బావి కుళ్ళింది. వాడు నడిచిన ఊరు కుళ్ళింది.

పెద్ద రాకుమారుడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. మాంత్రికుడు ఏటి అవతల ఉండగానే పొర కోసేసుకున్నాడు. ఈదుకుంటూ వెళ్ళేసరికి ఏడు దాటింది. దొరికింది గుప్పెడు నీళ్ళు.

రెండోవాడికి అనుమానం ఎక్కువ. మాంత్రికుడి ఎదురుగా నిలబడే కోసుకున్నాడు. "వీడేనా? వీడిలాంటి ఇంకొకడా?" అని తేల్చుకునేలోగా ఏడూ అయిపోయాయి. చెయ్యి వాడిపోయింది.

మిగిలింది మూడోవాడు, ముకుళుడు. వాడి పిడికిలంటే మాంత్రికుడికీ భయమే. అందుకని తిన్నగా కోటలో దూరి రాజు వేషం వేశాడు. సభలో ఇద్దరు రాజులు! అదే మీసం, అదే గొంతు. రాజుగారి పచ్చబొట్టు అరవై ఏళ్ళనాటిది, మాసిపోయి కంటికి ఆనడం లేదు. మాంత్రికుడి భుజమూ అలాగే బోసిగా ఉంది.

"చెయ్యి వెయ్యద్దురా, నా బొట్టు మాసిపోయింది!" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

ముకుళుడు పచ్చబొట్లు పొడిచే మంకెనని పిలిపించాడు.

"మంకెనా, నాన్నగారి బొట్టు పొడిచింది ఎవరు?"

"మా నాయనమ్మ, చినదొరా."

"అది పోయినట్టేనా?"

"పైకి పోయింది. లోపల పోదు. మా నాయనమ్మ సూది నెత్తురు చూడందే ఆగేది కాదు."

"నీ మాట నమ్మి చెయ్యి వేస్తున్నాను. తప్పయితే నాన్నగారు మింగన్న పొట్టలో ఉంటారు."

"తప్పయితే ఆయన పక్కనే నేనూ ఉంటాను" అంది మంకెన. దానికీ భయం వేసింది, అయినా మాట మార్చలేదు.

"అయితే కొయ్యి."

మంకెన తన చిన్న కత్తితో పొర కోసింది. తెగిన ముక్క కింద పడలేదు. చిలకై రివ్వున ఎగిరి, "మింగన్నా, రా! మింగన్నా, రా!" అని అరుచుకుంటూ ఏటివైపు పోయింది. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని మీకెవరో చెప్పే ఉంటారు. ఈ చిలకలో ఉన్నది ప్రాణం కాదు, కేక.

ఒకటి. చెయ్యి విచ్చుకుంది. రెండు. ముకుళుడు దగ్గరున్న రాజు భుజం మీద చెయ్యి వేశాడు. "మీరే అయితే క్షమించండి నాన్నగారూ" అన్నాడు.

మూడు. చెయ్యి సర్రున జారిపోయింది! ఆయనే నాన్న!

నాలుగు. రెండో రాజు పరుగందుకున్నాడు. ఐదు. స్తంభాలు దాటాడు. ఆరు. గడప దాటబోయాడు. ఏడు అనేలోగా ముకుళుడు ఎగిరి వాడి వీపు మీద పడ్డాడు. పట్టింది చెయ్యి! మాంత్రికుడు పామయ్యాడు, పొగయ్యాడు, నిప్పయ్యాడు. పట్టు వదల్లేదు.

ఇంతలో మింగన్న వచ్చాడు. తడిమాడు, చెయ్యి తగిలింది. గబుక్కున ఇద్దర్నీ కలిపి నోట్లో వేసుకున్నాడు. నాలుకకి ముకుళుడి పచ్చబొట్టు తగలగానే, "అరెరె, వీడు మనవాడే!" అని వాణ్ణి బయటికి ఉమ్మేశాడు. మాంత్రికుడు మాత్రం లోపలికి పోయాడు. వాణ్ణి పట్టుకున్న అరచెయ్యీ వాడితోనే పోయింది.

రాజుగారు కొడుకుని కౌగిలించుకుని వలవలా ఏడ్చారు. "ఏడవకండి నాన్నగారూ. అది పుట్టిందే అందుకు" అన్నాడు ముకుళుడు.

మాట మార్చని మంకెననే ముకుళుడు పెళ్ళాడాడు. పెళ్ళిలో ఎడమచేత్తో తాళి ఒక కొస, పళ్ళతో ఒక కొస పట్టుకుని ఆమె మెడలో మూడు ముళ్ళూ వేశాడు. కుళ్ళిన బావులన్నీ తోడించి, కంచె బాగుచేయించి, ఇద్దరూ చాలా ఏళ్ళు రాజ్యం ఏలారు.

అలాంటి మూసిన పిడికిళ్ళు మీ నెత్తుట్లో ఇప్పుడూ తిరుగుతున్నాయర్రా! ఒకటి పట్టుకుంటే దాని చుట్టూ ఉన్నవీ విచ్చుకుంటాయి. చదువుకున్నవాళ్ళు ఆ పిడికిలిని సి-త్రీ అంటారు, ఒంట్లో దూరిన క్రిముల్ని పట్టే ఒక ప్రోటీను. ఆ మూడు ఎందుకో వాళ్ళనే అడగండి, ముకుళుడు మూడోవాడు కాబట్టే అని నేననుకుంటాను. ఈసారి కాల్లో ముల్లు దిగితే ఏడవండి, పరవాలేదు. మీరు నోరు తెరిచేలోగా లోపల ఒకడు చెయ్యి విప్పే ఉంటాడు.